వరుసల్ని కాలమ్స్‌గా మార్చేటప్పుడు పివట్ టేబుల్ అక్షరాలకు బదులు 1 చూపిస్తోందా?

మీ షీట్ ఇలా ఉందనుకుందాం: మొదటి కాలమ్ ఐడీ, రెండోది వివరం పేరు (ఫోన్, శాఖ, చేరిన తేదీ), మూడోది దాని విలువ. ఒక్కో ఐడీకి ఒకే వరుస వచ్చి, ఈ వివరాలన్నీ పక్కపక్కన కాలమ్స్‌గా రావాలి. పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా కూడి సారాంశం చూపే పట్టిక) పెడితే అన్ని గడుల్లో 1 వస్తుంది. అది మామూలే. పివట్ టేబుల్ విలువల మీద లెక్క కడుతుంది. అక్షరాలిస్తే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఊరుకుంటుంది. ట్రాన్స్‌పోజ్ కూడా దీనికి పనికిరాదు, అది ఉన్న వరుసల్నీ కాలమ్స్‌నీ అటూఇటూ తిప్పుతుందంతే.

ఎక్సెల్ అయితే పవర్ క్వెరీ (డేటాను తెచ్చుకుని సర్దుకునే టూల్) వాడండి. 2016 నుంచి డేటా ట్యాబ్‌లోనే ఉంటుంది. అందులోకి టేబుల్ తెచ్చుకుని, వివరం పేర్లున్న కాలమ్ సెలెక్ట్ చేసి, ట్రాన్స్‌ఫార్మ్‌లో పివట్ కాలమ్ నొక్కండి. వాల్యూస్ కాలమ్‌గా మూడోదాన్ని ఇచ్చి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'డోంట్ అగ్రిగేట్' (లెక్క కట్టకుండా విలువను ఉన్నదున్నట్టు ఉంచమని) ఎంచుకోండి. అంతే.

మా ఆఫీసులో వాడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వివరాలను సరిగ్గా ఇలాగే ఇస్తుంది కాబట్టి నాకిది తరచూ ఉండే పనే. బటన్ నొక్కడం ఎంతసేపు! టైమంతా డేటాను సర్దడానికే పోతుంది. క్రమసంఖ్య, ఎంట్రీ చేసిన సమయం లాంటి కాలమ్స్ ఉంటే పివట్‌కు ముందే తీసేయండి. లేకపోతే ఒక్కో విలువా ఒక్కో వరుసలో పడి, మిగతా గడులన్నీ నల్ (ఖాళీ) అని మెట్లమెట్లుగా కనిపిస్తాయి. వివరం పేర్ల చివర స్పేస్ ఉన్నా విడిగా ఇంకో కాలమ్ పుట్టుకొస్తుంది, ట్రిమ్ చేసి ఆ స్పేస్‌లు తీసేయండి.

అసలు తలనొప్పి డూప్లికేట్లతో. ఒకే ఐడీకి రెండు ఫోన్లుంటే ఆ గడిలో ఎర్రర్ వస్తుంది. చాలామంది 'డోంట్ అగ్రిగేట్' తీసేసి మాగ్జిమమ్ (ఉన్నవాటిలో పెద్దది ఒక్కటే ఉంచేది) పెట్టుకోమంటారు. నేనైతే వద్దంటాను: ఎర్రర్ పోతుంది, దాంతోపాటు ఒక ఫోన్ నంబరూ చడీచప్పుడు లేకుండా పోతుంది. దానికి బదులు, పవర్ క్వెరీలోకి తెచ్చే ముందే కౌంట్‌ఇఫ్స్ (షరతులకు సరిపోయే వరుసలెన్నో లెక్కపెట్టే ఫార్ములా)తో ఒక కాలమ్ కట్టండి. పైనుంచి ఈ వరుస దాకా ఇదే ఐడీ, ఇదే వివరం ఎన్నోసారి వచ్చిందో అది చెప్పాలి. ఆ అంకెను వివరం పేరుకు తగిలిస్తే ఫోన్1, ఫోన్2 అని రెండు కాలమ్స్ వస్తాయి. ఆ తర్వాత పవర్ క్వెరీలో అంకె కాలమ్‌నూ పాత పేర్ల కాలమ్‌నూ తీసేసి పివట్ చేయండి.

గూగుల్ షీట్స్‌లో క్వెరీ ఫంక్షన్‌తోనే అయిపోతుంది: మొదటి కాలమ్‌తో గ్రూప్ బై, రెండోదానితో పివట్, మూడోదానికి మాక్స్. మాక్స్ అక్షరాల మీద కూడా పనిచేస్తుంది. అయితే ఇక్కడా డూప్లికేట్లు ఎర్రర్ లేకుండానే మాయమవుతాయి, కాబట్టి ముందు కౌంట్‌ఇఫ్స్‌తో చూసుకోండి. ఇంకో చిక్కు ఉంది. ఒకే కాలమ్‌లో అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటే, క్వెరీ ఏవి ఎక్కువుంటే వాటినే ఉంచుకుని మిగతావి ఖాళీ చేస్తుంది. మీ మూడో కాలమ్‌లో ఫోన్ నంబర్లూ శాఖల పేర్లూ కలిసే ఉన్నాయి కదా, ముందు ఆ కాలమ్ మొత్తాన్ని ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చండి.