తీవ్రమైన స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మన జిల్లాల్లో పెరుగుతున్నాయో లేదో తెలుసుకునే మార్గం ఉందా అని మీరు అడిగారు. మార్గం ఉంది, కాని గుంటూరులో అది మొదటి మెట్టు దగ్గరే తెగిపోతోందని, ఇక్కడ మైక్రోబయాలజీ ల్యాబులో ఏళ్లుగా పనిచేస్తున్న నేను గట్టిగా చెప్పగలను.

ఒక వేసవిలో, మిర్చి బస్తాలు మోసే హమాలీ ఒకాయన మడమకు చిన్న గాయమైతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వరుసగా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేయించుకుని, చివరకు ఆసుపత్రికి వచ్చారు. పైకి కనిపించే వాపు కొంచెమే అయినా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి ఆయనది. అప్పటికే మందు పడి ఉండటంతో రక్తం కల్చరులో, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదు. సర్జన్ కుళ్లిన కండరపు పొరను తొలగించి అందులో ఒక ముక్క పంపితే, మరునాడు బ్లడ్ అగార్ ప్లేటు (క్రిములను పెంచేందుకు రక్తం కలిపి పోసిన జెల్లీ పళ్లెం) మీద గుండుసూది మొనంత కాలనీలు, ఒక్కొక్కదాని చుట్టూ ఎరుపు పూర్తిగా కరిగి తేటపడిన వలయం కనిపించాయి. ఆయన కాలు దక్కింది. కేసు షీటులో మాత్రం ‘సెల్యులైటిస్’ (చర్మం కింద వాపు) అని, క్రిమి పేరు లేకుండా రాసి ముగించారు, ప్లేటును ఆటోక్లేవులో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) వేసి పారేశారు. అలా ఆ కేసు ఏ లెక్కలోకీ రాలేదు.

గొర్రె రక్తం దొరకక, బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తంతో ప్లేట్లు పోసే అలవాటు మరో బాధ. ఆ రక్తంలోని యాంటీబాడీలు, సిట్రేటు ఈ సూక్ష్మజీవిని అణచివేయగలవు.

పెన్సిలిన్‌కు ఇప్పటికీ లొంగే క్రిమికి కల్చరెందుకని అడిగే వైద్యులున్నారు. ఎదుట ఉన్న రోగికి ఆ మాట చాలవచ్చు గాని, ఊరికి చాలదు. ఇంగ్లండులో ఈ క్రిమి తెచ్చే తీవ్రమైన జబ్బును 2010 నుంచి ఆరోగ్య అధికారులకు తప్పనిసరిగా తెలియజేయాలి. క్రిములను భద్రపరచి వాటి రకాన్ని తేల్చే ఎం ప్రోటీన్ (క్రిమి పైపొర మీది ప్రోటీన్) జన్యువును చదువుతారు కనుకనే, 2022 చివర పిల్లల్లో కేసులు పెరిగినప్పుడు ఎం1యూకే అనే రకం పాత్రను గుర్తించగలిగారు. అమెరికాలో ఎంపిక చేసిన ప్రాంతాల్లో, ఆసుపత్రులు చెప్పేదాకా ఆగకుండా, సిబ్బందే ల్యాబుల రికార్డులను సరిచూసి, వచ్చిన సంఖ్యను అక్కడి జనాభాతో భాగిస్తారు.

విజయవాడ, గుంటూరు ల్యాబులన్నీ రక్తంలోనో, లోతు కణజాలంలోనో దొరికిన ప్రతి స్ట్రెప్టోకాకస్‌నూ చెడిపోకుండా గ్లిసరాల్ ద్రవంలో గడ్డకట్టించి, రోగి వయసు, మండలం రాసి ఒకే చోటికి పంపాలి. దానికి ముందు, మొదటి ఇంజెక్షను వెయ్యకముందే రక్తం తీసే నియమం పెద్దాసుపత్రుల ఎమర్జెన్సీ వార్డుల్లోనైనా వెంటనే అమలు కావాలి.