ముల్లిగటానీ సూప్, మన మిరియాల చారు ఒకటేనా?

చుట్టరికం నిజమే. కానీ ఇంగ్లీషులోకి ఆ పేరు వెళ్లింది తెలుగు నుంచి కాదు, తమిళం నుంచి. మిళగు అంటే మిరియం, తణ్ణీర్ అంటే నీళ్లు. వాడుకలో 'మొళగు తణ్ణి' అంటారు, అదే ఆంగ్లేయుల నోట ముల్లిగటానీ అయింది. 'మిరపకాయ నీళ్లు' అని అర్థం చెప్పేవాళ్లున్నారు, అది తప్పు. తమిళంలో మిరపకాయ మిళగాయ్. పోర్చుగీసువాళ్లతో వచ్చిన ఆ కాయకు అంతకుముందే కారానికి వాడుతున్న మిరియం పేరే పెట్టుకున్నారు. మన మిరపకాయ మాట కూడా అలా పుట్టిందే.

1784 నాటి ఒక ఇంగ్లీషు పాటలో ముల్లిగటానీ అన్న మాట కనిపిస్తుంది. హైదర్ అలీకి చిక్కిన నౌకాదళం మనిషి రాసింది. బెంగళూరు జైల్లో ముల్లిగటానీ, లేదంటే గంజి, ఇదే మా తిండి అని వాపోతాడు. అంటే అప్పటికది ఖైదీలకు పోసే పల్చటి చారు. దొరల భోజనం మాత్రం సూప్‌తో మొదలవ్వాలి, మనకేమో చారు అన్నంలోకి. అందుకే మాంసం, ఉల్లిపాయ, కూరపొడి (కర్రీ పౌడర్) చేర్చి చిక్కబరిచారు, తర్వాత ఆపిల్ ముక్కలూ చేరాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగులకు 'మల్' అనే మారుపేరు ఈ సూప్ వల్లే వచ్చింది.

అసలు రుచి తెలియాలంటే పాత పద్ధతిలోనే చెయ్యాలి. నలుగురికి చెంచాడు మిరియాలు, అర చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచండి. చిన్న నిమ్మకాయంత చింతపండు పిసికిన మూడు గ్లాసుల నీళ్లలో ఉప్పు, పసుపు వేసి, పచ్చివాసన పోయేదాకా మరిగించాకే ఆ దంచిన పొడి వెయ్యండి. అంచుల్లో నురగ కట్టి పైకి లేవగానే దించి, నెయ్యితో తాలింపు పెట్టాలి. పొడి వేశాక తెర్లనిస్తే మిరియాల ఘుమఘుమ ఆవిరితో పోతుంది, గొంతులో మంట మాత్రం మిగులుతుంది. చారు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఇంగ్లీషు పద్ధతి సూప్‌కైతే అర కప్పు ఎర్ర కందిపప్పు, ఒక ఉల్లిపాయ, సగం పుల్ల ఆపిల్, చెంచాన్నర కూరపొడి, లీటరు చికెన్ ఉడికించిన నీళ్లు చాలు. కూరపొడిని సన్న సెగ మీద అర నిమిషం మించి వేయించకండి, చేదెక్కుతుంది. కొబ్బరిపాలు కూడా పోస్తే, పొయ్యి కట్టేశాకే కలపాలి. పులుపున్న సూప్‌లో మరిగితే విరిగిపోతాయి.