ఏడాది గ్యాప్ సరే, పదమూడో నెల ఈఎంఐ ఎవరు కడతారు?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా వైరా. ఈ మే నెలలో బీటెక్ ఈసీఈ పూర్తయింది. క్యాంపస్‌లో ఒక ఐటీ కంపెనీ నుంచి ఏడాదికి 4.2 లక్షల ప్యాకేజీతో ఆఫర్ వచ్చింది గానీ జాయినింగ్ తేదీ ఇంకా చెప్పలేదు. ఏడాది గ్యాప్ తీసుకుని, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-2కు చదవాలనుకుంటున్నాను. కోచింగ్‌కు 45 వేలు, పుస్తకాలకు, టెస్ట్ సిరీస్‌కు కలిపి 12 వేలు, హాస్టల్‌కు నెలకు 7 వేలు, పై ఖర్చులకు 3 వేలు అవుతాయి. తాతయ్య నా పేరున వేసిన 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. చాలకపోతే అమ్మ తన చీటీ పాడి ఇస్తానంటోంది. ఎడ్యుకేషన్ లోన్ 4 లక్షలు, పది శాతం వడ్డీ, ఏటా లక్ష చొప్పున తీసుకున్నాం. నాన్న కో-అప్లికెంట్. ఆయనకు ఎరువుల దుకాణం, ఇంటి ఆదాయం ఏడాదికి 6 లక్షల దాకా ఉంటుంది. ఒకసారి ఉద్యోగంలో పడితే మళ్లీ పుస్తకం పట్టలేనని భయం. నిజం చెప్పాలంటే నాలుగేళ్లుగా పరుగెత్తి అలసిపోయాను కూడా. ఈ గ్యాప్ మేం తట్టుకోగలమా? ఆలస్యంగా ఉద్యోగంలో చేరితే లోన్ వడ్డీ మీద ట్యాక్స్ మినహాయింపు పోతుందా?

జవాబు: ఖర్చులన్నీ ముందే రాసిపెట్టుకున్నారు, నా పని సగం తగ్గింది. మీ అంకెలు కూడితే 1,77,000 రూపాయలు. ఎఫ్‌డీ 2 లక్షలు. అంటే ఎవరినీ చేయి చాచి అడగకుండానే ఏడాది గడిచిపోతుంది, ఇంకో 23 వేలు మిగులుతాయి. పన్నెండు నెలల వరకు నాకూ బెంగ లేదు. పదమూడో నెల గురించే ఈ జవాబంతా.

ఇంట్లో లోన్ కాగితాల ఫైలు తీసి శాంక్షన్ లెటర్ చూడండి. తిరిగి చెల్లింపు ఎప్పుడు మొదలవుతుందో అందులో ఒక లైను ఉంటుంది. చాలా బ్యాంకుల్లో అది కోర్సు కాలం, దానిపైన ఒక ఏడాది. దీన్నే మారటోరియం అంటారు. మీరు తీసుకోవాలనుకుంటున్న గ్యాప్, బ్యాంకు ఇచ్చిన ఈ ఏడాది అచ్చంగా ఒకటే. ఇందులో ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏటా మొదట్లో లక్ష చొప్పున తీసుకున్నారనుకుంటే చదువు పూర్తయ్యేసరికే సాధారణ వడ్డీ లక్ష అయింది. ఈ ఏడాది మరో 40 వేలు చేరుతుంది. వచ్చే జూన్‌కు మీ 4 లక్షల లోన్ 5.4 లక్షలవుతుంది. ఏడేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే ఈఎంఐ దాదాపు 9 వేలు. పదేళ్లకు సాగదీస్తే నెలకు 7,100 చిల్లరకు దిగుతుంది గానీ మొత్తం మీద లక్ష రూపాయలు అదనంగా కడతారు.

మిగిలిన 23 వేలతో రెండున్నర ఈఎంఐలు కట్టొచ్చు. ఆ తర్వాత బ్యాంకు ఫోన్ నాన్నగారికి వస్తుంది. ఎరువుల దుకాణం వాళ్లకు జూన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? తొలకరికి ముందు లారీల్లో యూరియా, డీఏపీ దించుకోవాలి. డబ్బంతా సరుకులో ఉంటుంది, రైతుల ఖాతాలన్నీ పంట వచ్చాకే తీరుతాయి. ఆ డబ్బు తిరిగి రాకముందే నెత్తిన కొత్త ఈఎంఐ పడుతుంది. ఆయన కో-అప్లికెంట్ కాబట్టి వాయిదా ఆలస్యమైతే మీ సిబిల్ స్కోరుతో పాటు ఆయనదీ దెబ్బతింటుంది. 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాసేస్తుంది. దుకాణానికి క్యాష్ క్రెడిట్ (వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే అప్పు) ఉంటే, రెన్యువల్ రోజున బ్రాంచి మేనేజర్ మొదట అడిగేది దీని గురించే.

‘ఏడాదే కదా, ఈలోపు పరీక్ష అయిపోతుంది’ అంటారేమో. తెలంగాణ గ్రూప్-2 కథ ఒక్కసారి గుర్తు చేసుకోండి. 783 పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబరు చివర్లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు జరిపారు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. అంటే నోటిఫికేషన్ నుంచి పరీక్ష హాలు దాకానే రెండేళ్లు. గ్రూప్-1 అభ్యర్థులైతే 2022 అక్టోబరులో ఒకసారి, 2023 జూన్‌లో ఒకసారి ప్రిలిమ్స్ రాశారు, రెండూ రద్దయ్యాయి. మూడోసారి 2024 జూన్‌లో రాశారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే టిఫిన్ డబ్బా పెట్టుకుని సీటు పట్టుకునే పిల్లల్లో చాలామంది ‘ఒక్క ఏడాది’ అని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లే. వాళ్లు బద్ధకించలేదు, పరీక్షే వెనక్కి జరుగుతూ వచ్చింది. మీ ప్లాన్‌లో ఈ వాయిదాలకు పెట్టిన బడ్జెట్ ఎంత? సున్నా.

ఇక ఈ ఏడాది అసలు ధర. గ్యాప్ ఖర్చంటే చాలామంది హాస్టల్, కోచింగ్ వరకే ఆగిపోతారు. రాని జీతాన్ని కలిపేవాళ్లేమో తిండీ హాస్టల్ రెండుసార్లు లెక్కేసి గాభరా పడతారు. రెండూ తప్పే. 4.2 లక్షల ప్యాకేజీలో చేతికి నెలకు 29 వేలు వస్తాయనుకుందాం. హైదరాబాద్‌లో బతకడానికి 15 వేలు పోతే 14 వేలు మిగులుతాయి, ఏడాదికి 1.68 లక్షలు. గ్యాప్‌లో ఆ మిగులు ఉండకపోగా 1.77 లక్షలు ఖర్చు. మొత్తం తేడా 3.45 లక్షలు. మీరు చదువుకు చేసిన అప్పుకు కాస్త తక్కువ. ఆ ధర పెట్టకూడదని నేను అనను. పరీక్ష తేదీ ఖాయమై, నాలుగు నెలల సీరియస్ రివిజన్ కోసమైతే పెట్టమనే చెబుతాను. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడ్డానికి మాత్రం అది చాలా ఎక్కువ.

అసలు నిర్ణయం తేల్చేది ఇది: వీటిలో ఏది మీ కోసం ఆగుతుంది, ఏది ఆగదు? మీకు 22 ఏళ్లుంటాయనుకుంటాను. గ్రూప్స్‌కు తొందరేమీ లేదు, తెలంగాణలో 2024లో గరిష్ఠ వయసును రెండేళ్ల కాలానికి 44 నుంచి 46కు పెంచారు కూడా. ఫ్రెషర్ ఉద్యోగం అలా ఆగదు. కంపెనీల ఆఫ్ క్యాంపస్ (కాలేజీతో సంబంధం లేకుండా జరిగే నియామకాల) ప్రకటనల్లో మొదటి గడే ‘ఏ సంవత్సరం పాసయ్యారు’. రెండు బ్యాచ్‌లు వెనకబడితే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు మారటోరియం కూడా ఆగదు. ఆగేదాని కోసం ఆగనివాటిని వదులుకోవడం నాకు నచ్చడం లేదు.

కాబట్టి నా సలహా ఇది. ఆఫర్ వదలొద్దు, వాయిదా కూడా అడగొద్దు. జాయినింగ్ తేదీ రాలేదంటే మీ గ్యాప్ ఇప్పటికే మొదలైనట్టు. 2022 బ్యాచ్‌లో కొందరు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని రెండేళ్ల దాకా పిలుపు కోసం చూశారు. మీకు మూడు నెలలు దొరుకుతాయో ఆరు నెలలో తెలియదు, ఆ సమయాన్ని చదువుకు వాడుకోండి, కానీ వైరాలోనే. ఏడాది కోచింగ్ ఫీజు ముందే కట్టేస్తే మధ్యలో జాయినింగ్ పిలుపు వచ్చినప్పుడు ‘45 వేలు కట్టాను కదా’ అన్న ఆలోచనే మిమ్మల్ని ఆపేస్తుంది. పుస్తకాలు, టెస్ట్ సిరీస్ మీరన్న 12 వేలల్లోనే వస్తాయి. మిగతా ఎఫ్‌డీని కదిలించొద్దు. పిలుపు వస్తే చేరండి. ఈఎంఐ మొదలయ్యేలోపు జీతంలో మిగిలే 14 వేలల్లో నెలకు 3,300 లోన్ వడ్డీకి కట్టండి, పది వేలు ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా వేసే డిపాజిట్) వేయండి. ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టడం) వేయమని స్నేహితులు చెబుతారు. ఏడాది, రెండేళ్లలో వాడుకోవాల్సిన డబ్బు షేర్ల వైపు పంపకండి. ఈ ఆర్‌డీ, తాతగారి ఎఫ్‌డీ కలిపి మీ గ్యాప్ ఫండ్. నోటిఫికేషన్ వచ్చి, పరీక్ష తేదీ దగ్గరపడ్డాక దాన్ని పెట్టుకుని ఉద్యోగానికి విరామం ఇవ్వండి. ఈఎంఐ కూడా అందులోంచే నడుస్తుంది, నాన్నగారి జోలికి పోదు. చేరే ముందు సర్వీస్ బాండ్ (ఇంతకాలం మానకూడదన్న షరతు) ఉందేమో మాత్రం ఆఫర్ లెటర్‌లో చూసుకోండి.

ఆరు నెలలైనా పిలుపు రాకపోతే ఇక ఆ కంపెనీ మీద ఆశ పెట్టుకోకుండా ఆఫ్ క్యాంపస్ వెతకడం మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి, డిగ్రీ అయి ఐదేళ్లు దాటనివాళ్లకు అవకాశం ఉంది. జీతం తక్కువే గానీ రెజ్యూమెలో ఖాళీ ఉండదు.

అమ్మగారి చీటీ జోలికి వెళ్లొద్దు. చీటీ ముందు నెలల్లో పాడితే పాటలో తగ్గింపు ఎక్కువగా పోతుంది, చేతికి తక్కువ వస్తుంది, మిగతా వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాల్సిందే. అది మీ పది శాతం లోన్ కంటే ఖరీదైన అప్పు. ట్యాక్స్ సంగతి కూడా వదిలేయండి. లోన్ వడ్డీ మీద మినహాయింపు ఆ వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లు ఉంటుంది, ఆలస్యంగా చేరినందువల్ల పోదు. అది పాత పన్ను విధానంలోనే వస్తుంది, మీ జీతానికి కొత్త విధానంలో ఎలాగూ పన్ను పడదు. కేంద్రం ఇచ్చే పూర్తి వడ్డీ రాయితీ పథకానికి ఇంటి ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు కాబట్టి అదీ మీకు రాదు. ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఉంటే చాలా వాటిలో పిల్లలు 25 ఏళ్ల వరకు కొనసాగుతారు. మీ పేరు అందులో ఉందో లేదో నాన్నగారిని అడగండి.

ఉత్తరంలో చివర ఒక్క వాక్యంలో దాటేసిన అలసట గురించి కూడా చెప్పాలి. అలసిపోయినవాళ్లు విశ్రాంతి అడగడానికి మొహమాటపడి ‘ప్రిపరేషన్’ అని పేరు పెట్టడం నేను తరచూ చూస్తాను. రెండు నెలలు ఇంట్లో పడుకుని, సినిమాలు చూసి, అమ్మమ్మ ఊరికి వెళ్లొస్తే మహా అయితే ఐదారు వేలవుతుంది. దానికోసం 1.77 లక్షల కోచింగ్ ఏడాది కొనక్కర్లేదు. జూన్, జూలై రెండు నెలలు ఏ పుస్తకమూ ముట్టుకోనని ఇంట్లో చెప్పేయండి. ఆగస్టులో కూడా గ్రూప్-2 మీద మనసు లాగుతుంటే అప్పుడు సిలబస్ తెరవండి.

ఈ వారంలో చేయాల్సినవి రెండే. కంపెనీ హెచ్‌ఆర్‌కు జాయినింగ్ ఎప్పుడో అడుగుతూ మెయిల్ పెట్టండి, వచ్చిన జవాబు దాచుకోండి. నాన్నగారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి మారటోరియం ముగిసే తేదీ, ఇప్పటివరకు చేరిన వడ్డీ ఎంతో రాయించుకు రండి. కొన్ని బ్యాంకుల్లో ఆ గడువు తక్కువగా ఉంటుంది, మీది అలాంటిదైతే పైన చెప్పిన నెలలన్నీ ఇంకా ముందే వచ్చేస్తాయి. ఆ తేదీ పంపితే ఈఎంఐ లెక్క మళ్లీ వేసి ఇస్తాను.