షుగర్ ఉన్న అమ్మకు ఇంట్లో రిఫ్లెక్సాలజీ చేయొచ్చా?

మీరు అడిగినవి రెండు. అమ్మగారికి 62 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా షుగర్, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఇంట్లోనే పాదాలకు రిఫ్లెక్సాలజీ (అరికాళ్ళను వేళ్ళతో వరసగా నొక్కే పద్ధతి) చేయొచ్చా అన్నది ఒకటి. పది సిట్టింగులు చేయించుకుంటే షుగర్ కూడా దిగుతుందని ఒక సెంటర్‌లో చెప్పారు, నమ్మొచ్చా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది. దిగదు. ఆ మాట నమ్మి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తగ్గించకండి. మొదటిదానికి మాత్రం చేయొచ్చు అనే చెప్తాను, కాకపోతే ముందు ఆమె పాదాలు పరీక్షగా చూడాలి.

అరికాలి మీద ఒంట్లోని అవయవాలన్నీ గీసిన పటాలు మీరు చూసే ఉంటారు. వేళ్ళు తలకు, వేళ్ళ కింది ఉబ్బెత్తు భాగం ఛాతీకి, పాదం వంపు పొట్టకు, మడమ నడుము కింది భాగానికి, పాదం లోపలి అంచు వెన్నెముకకు. ఇది అమెరికాలో పుట్టిన లెక్క. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విలియం ఫిట్జెరాల్డ్ శరీరాన్ని నిలువునా పది భాగాలు చేసి 1917లో పుస్తకం వేశాడు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాల మీదికి తెచ్చి పటం తయారు చేసింది. అరికాలి ఫలానా చోటుకూ లివర్‌కూ నేరుగా లంకె ఉందని ఇంతవరకూ ఎవరూ చూపలేదు. ఒక పటానికీ ఇంకో పటానికీ పొంతన ఉండదు కూడా. 2009లో ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే పరిశోధకుడు 18 క్లినికల్ ట్రయల్స్‌ను (మనుషుల మీద చేసిన పరీక్షలను) కలిపి సమీక్షించి, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. అందుకే పటాన్ని జబ్బు కనిపెట్టడానికి వాడొద్దు. ఏ చోటూ వదలకుండా వరసగా నొక్కుకుంటూ పోవడానికి గుర్తుగా మాత్రం బాగానే పనికొస్తుంది. ఒళ్ళు తేలికపడటం, మనసు నెమ్మదించడం నిజమే. అది నింపాదిగా పాదాలు ఒత్తడం వల్ల వచ్చే హాయి, అందులో తక్కువ చేయాల్సిందేమీ లేదు.

ఇప్పుడు పాదాలు చూడటం. మంచి వెలుతురులో కూర్చోబెట్టి వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, మడమ పగుళ్ళు, ఆనెకాయల చుట్టూ చూడండి. పుండు, బొబ్బ, చీము, సందుల్లో తెల్లగా నానినట్టున్న చర్మం కనబడితే ఆ పాదం జోలికి పోవద్దు. నొప్పి లేకుండానే ఒక పాదం ఎర్రగా, రెండోదానికంటే వేడిగా వాచి ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. షుగర్ వాళ్ళలో లోపల ఎముకలు దెబ్బతింటున్నా అలాగే కనబడుతుంది.

తర్వాత స్పర్శ. ఆమెను కళ్ళు మూసుకోమని, తాకినప్పుడల్లా కుడి, ఎడమ చెప్పమనండి. రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసల మీద మీ వేలి చివరతో ఒకటి రెండు సెకన్లు ఊరికే ఆనించండి. నొక్కకూడదు, తట్టకూడదు, చెప్పలేదని మళ్ళీ తాకకూడదు. ఆరింట్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ తెలియకపోతే పాదాల్లో స్పర్శ తగ్గినట్టే. అప్పుడు బొటనవేలితో నొక్కే పద్ధతి వద్దు. నొప్పి పుట్టినా ఆమెకు తెలియదు, మీరు ఎంత గట్టిగా నొక్కుతున్నారో చెప్పేవాళ్ళే ఉండరు. కొబ్బరి నూనె రాసి అరచేత్తో నిమిరితే చాలు. విషయం డాక్టరుకు చెప్పండి.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ కాలిని అసలు ఒత్తొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే గట్టిగా నొక్కితే కమిలిపోతుంది.

ఇవేవీ లేకపోతే, రాత్రి భోజనమై గంటన్నా గడిచాక మొదలుపెట్టండి. వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టమని చాలామంది చెప్తారు. షుగర్ ఉన్నవాళ్ళకు వద్దే వద్దు, కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి తుడవండి. ఆ వేడి కూడా మీ మోచేతితో చూసుకోండి. వేళ్ళ సందులు పొడిగా అయ్యేలా తుడవండి. ఆమె పడక కుర్చీలో వెనక్కి వాలాలి, మోకాళ్ళ కింద దిండు, పాదం మీ ఒళ్ళో తువ్వాలు మీద. మీరు పీట మీద కూర్చుంటే మీ నడుము వంగదు. మీ గోళ్ళు కత్తిరించుకుని ఉండాలి. నూనె ముందే రాస్తే వేలు జారిపోయి పట్టు దొరకదు. చిటికెడు పౌడరు చాలు, నూనె చివర్లో.

ముందు రెండు అరచేతులతో పాదాన్ని అటూ ఇటూ పట్టుకుని అర నిమిషం కదలకుండా ఉంచండి. తర్వాత మడమ నుంచి వేళ్ళ దాకా పిసికి, చీలమండను మెల్లగా అటు ఐదు చుట్లు, ఇటు ఐదు చుట్లు తిప్పండి. వేళ్ళ కింది ఉబ్బెత్తు భాగం అయిపోయే చోట, మధ్యలో చిన్న గుంట తగులుతుంది. అక్కడ బొటనవేలు ఆనించి, ఆమె గాలి పీల్చేటప్పుడు నొక్కి, వదిలేటప్పుడు వదలండి, ఐదు సార్లు. ఈ ఒక్కటి చేసేసరికే ఊపిరి నెమ్మదిస్తుంది. మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చేదనిపించేది ఇదే.

ఇక బొటనవేలితో పాకించడం. గొంగళిపురుగు నడిచినట్టు వేలి మొదటి కణుపు మాత్రమే వంగి, సాగి, బియ్యపు గింజంత ముందుకు జరగాలి. మడమ నుంచి పైకి, ఒక్కో వేలికీ ఒక్కో వరస చొప్పున ఐదు వరసలు. ఎప్పుడూ పైకే, వెనక్కి పాకించకూడదు. తర్వాత పాదం లోపలి అంచు వెంట మడమ నుంచి బొటనవేలి దాకా ఇంకో వరస. వేళ్ళను మొదలు నుంచి కొస దాకా నలపండి, మెటికలు మాత్రం విరవొద్దు. పాదం పైన చర్మం పల్చన, అక్కడ ఎముకల మధ్య గాడుల్లో వేళ్ళతో తేలిగ్గా గీస్తే చాలు. ఒక్కో పాదానికి పది, పన్నెండు నిమిషాలు.

ఎంత గట్టిగా అంటే, మీ గోరు కొస కాస్త తెల్లబడేంత. పండిన మామిడిపండును చెక్కు చెదరకుండా నొక్కి చూసినట్టు. ఆమె పాదం వెనక్కి లాక్కుంటే ఎక్కువైనట్టు. గిలిగింతలు పెడితే తక్కువైనట్టు, అప్పుడు వేలు వదిలేసి అరచెయ్యి మొత్తం ఆనించాలి. వేలు పాదం మీద ఎముకలా గుచ్చుకుంటోందంటే మీరు కొసతో నొక్కుతున్నారు, మెత్తటి భాగంతో నొక్కాలి. నాలుగు రోజులకే మీ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే వేలి బలంతో నొక్కుతున్నారన్నమాట. వేలు వెనక్కి విరగకుండా పెట్టి, ఒంటి బరువును ముందుకు వాల్చండి.

ఎక్కడైనా నొప్పి అంటే 'కిడ్నీ పాయింటు' అని భయపెట్టకండి. పాదం వంపు మధ్యలో కింది పొర బిగుసుకుని చాలామందికి నొప్పిగానే ఉంటుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేసినప్పుడు మడమ పోటు పెడితే అదీ ఆ పొర సంగతే. వేలి కింద కరకరమంటే స్ఫటికాలు కరుగుతున్నాయనీ, విషం దిగుతోందనీ చెప్పే మాటల్లో నిజం లేదు. విషం లాగుతుందంటూ కాళ్ళు పెట్టించే కరెంటు తొట్టిలో నీళ్ళు గోధుమరంగుకు తిరగడం కూడా అంతే, ఇనుప పలకలు తుప్పుపట్టడం వల్ల వచ్చే రంగు అది. కాలు పెట్టకపోయినా వస్తుంది. ముళ్ళ చెప్పులు, పార్కుల్లో గులకరాళ్ళ దారి మీద ఉత్త కాళ్ళతో నడవడం ఆమెకు వద్దు.

చివర్లో అర చెంచా నువ్వుల నూనె అరచేతుల్లో రుద్ది రెండు పాదాలకూ రాయండి, వేళ్ళ సందుల్లో తప్ప. తర్వాత తువ్వాలుతో బాగా తుడిచెయ్యాలి. షుగర్ ఉన్నవాళ్ళు రాత్రిళ్ళు బాత్రూముకు లేస్తారు. నూనె పాదంతో టైల్స్ మీద కాలుపెడితే జారిపడి తుంటి ఎముక విరగొచ్చు.

రెండు మూడు వారాలు చేస్తూ ఎన్ని గంటలకు పడుకున్నారో, ఎన్నిసార్లు లేచారో ఒక కాగితం మీద రాయండి. ఎందుకు లేచారో కూడా. మూత్రానికా, అరికాళ్ళ మంటకా, చెమటలు పట్టి గుండె దడకా, గురక మధ్యలో ఊపిరాగినట్టయ్యా. మూత్రానికి పదే పదే లేస్తుంటే షుగర్ ఎక్కువగా ఉండొచ్చు, చెమటలు పడితే రాత్రిపూట షుగర్ బాగా పడిపోతుండొచ్చు. అర్ధరాత్రి చెమటలతో లేస్తే అప్పుడే గ్లూకోమీటర్‌తో చూసి, 70 కంటే తక్కువుంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్ళీ చూడండి. అరికాళ్ళ మంటకు మందులున్నాయి. ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.