బాబు కోలుకుంటున్న ఇంట్లో అమ్మ ఉద్యోగం

ప్రశ్న: మాది హనుమకొండ. ఎమ్మెస్సీ గణితం, బీఈడీ చేసి, ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరేళ్లు లెక్కలు చెప్పాను. 2017లో టెట్ పేపర్-2లో అర్హత సాధించాను. మా బాబుకు ఐదేళ్లు నిండాక బ్లడ్ క్యాన్సర్ (ఏఎల్ఎల్) అని తేలడంతో ఉద్యోగం మానేశాను. ఇప్పుడు వాడికి ఆరున్నరేళ్లు. పెద్ద కీమోలు అయిపోయి, మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. రోజూ రాత్రి మాత్ర, వారానికోసారి మరో మాత్ర, మధ్యమధ్య రక్తపరీక్షలు. ఇది ఇంకా ఏడాదికి పైగా సాగుతుందట. మాత్ర వేసుకున్న ప్రతిసారీ గోడమీది క్యాలెండర్‌లో వాడే పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటాడు. బంధువులు సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటున్నారు, పక్కింటివారు ట్యూషన్లు పెట్టమంటున్నారు, నాకేమో డీఎస్సీ మీద ఆశ. ఏం చేయాలి? బాబుకు ఒకటో తరగతి పోయినట్టేనా?

జవాబు: అమ్మా, ముందుగా బాబు చదువు సంగతి చెబుతాను, అది తేలితేగాని మీ రోజులో ఏ గంటలు మిగులుతాయో తెలియదు. వాడికి పోయింది ఏమీ లేదు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండి ఉండాలని 2020 జాతీయ విద్యావిధానమే చెబుతోంది కాబట్టి, ఏడో ఏట ఒకటిలో కూర్చోవడం వెనకబాటు కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేరి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ కోరే వీలూ ఉంది. అయినా నేనైతే తొందరపడి రెండో తరగతిలో వేయమనను. ఈ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు వల్ల కొందరు పిల్లలకు చేతివేళ్లలో, పాదాల్లో పట్టు తగ్గుతుంది. అక్షరాలు వంకరపోయినా, అరపేజీకే చేయి నొప్పి అన్నా దాన్ని బద్ధకమని టీచరు అనుకోకుండా మీరే ముందు చెప్పాలి. బడికి పంపే తేదీ డాక్టరు నిర్ణయిస్తారు. ఆ రోజు క్లాసు టీచరుకు ఒక కాగితం ఇవ్వండి: ఒళ్లు వెచ్చబడితే తమంతట తాము మాత్ర వేయకుండా వెంటనే ఫోన్ చేయాలనీ, తరగతిలో ఎవరికైనా అమ్మవారు, తట్టు వంటివి సోకితే అదే రోజు తెలియజేయాలనీ, బడిలో టీకాలు వేసే రోజున మిమ్మల్ని అడగకుండా వేయించవద్దనీ.

ఇక మీ సంగతి. మూడు సలహాల్లో నాకు ఏమాత్రం నచ్చనిది ఇంట్లో ట్యూషన్లు. మీరు బాగా చెప్పలేరని కాదు. ముందుగదిలో సాయంత్రం పదిమంది పిల్లలు కూర్చుంటే అందులో ఇద్దరికి జలుబు ఉండనే ఉంటుంది. తెల్లకణాలు కావాలనే తగ్గించి ఉంచిన బిడ్డ పక్కగదిలో ఉన్నప్పుడు ఆ ఆదాయం మనకు వద్దు. సాఫ్ట్‌వేర్ కోర్సు గురించి మీకే ఆసక్తి ఉంటే వేరే మాట గాని, ఆరేళ్ల బోధనానుభవాన్ని పక్కన పెట్టి, ఫీజు కట్టి, ఇరవై రెండేళ్ల వారితో మొదటి మెట్టు దగ్గర నిలబడమనడం నాకు సబబుగా తోచదు. ఇంట్లోనే డేటా ఎంట్రీ అంటూ ముందుగా రిజిస్ట్రేషన్ సొమ్ము అడిగేవారి జోలికి అసలే వెళ్లవద్దు.

మీ ఇంటికి సరిపోయే పనికి ఒక్కటే పరీక్ష: సాయంత్రం ఆరింటికి థర్మామీటరు డాక్టరు చెప్పిన హద్దు (సాధారణంగా 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్) చూపితే, ఏడింటికి మీరు ఆసుపత్రి దారిలో ఉండగలగాలి, ఆ పని మర్నాడు కూడా మీదిగానే ఉండాలి. విడివిడిగా ఒక్కో విద్యార్థికి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పడం ఈ పరీక్షలో నెగ్గుతుంది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు తమ పిల్లలకు ఇటువంటి టీచర్ల కోసం చూస్తుంటాయి. మనకు ఉదయం ఆరు అంటే వేసవిలో న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, అప్పటికి మీ బాబు ఇంకా నిద్రలోనే ఉంటాడు. అకస్మాత్తుగా క్లాసు వాయిదా వేయవలసి రావచ్చనీ, ఆ వారంలోనే మళ్లీ చెబుతాననీ మొదటి రోజే స్పష్టంగా మాట్లాడుకోండి. ఒప్పుకోనివారిని వదిలేయండి. పాఠశాలలకు ప్రశ్నపత్రాలు తయారుచేసి ఇవ్వడం కూడా ఇటువంటిదే, కాకపోతే డబ్బు తక్కువ.

డీఎస్సీ ఆశను వదులుకోనక్కరలేదు. టెట్ అర్హతను 2011 నుంచి వర్తించేలా జీవితకాలానికి పొడిగించారు కాబట్టి మీ 2017 సర్టిఫికెట్ పనికొస్తుంది. అయితే 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బీఈడీ వారికి ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) దారి మూసుకుపోయింది. మీ లక్ష్యం స్కూల్ అసిస్టెంట్ గణితమే. గురుకుల పోస్టులకు మాత్రం ఇప్పుడు వద్దంటాను, అక్కడ రాత్రి బాధ్యతలు ఉంటాయి. రోజుకు గంటన్నర, అదీ సబ్జెక్టుకే కేటాయించండి. రక్తపరీక్ష రోజుల్లో ఆ పుస్తకం తెరవకపోయినా ఫరవాలేదు. డీఎస్సీలో కాదుగాని, రేపు ఏదైనా ప్రైవేటు పాఠశాల ఇంటర్వ్యూలో ఈ విరామం గురించి అడిగితే, బిడ్డ చికిత్స కోసం మానేశాను, ఈలోగా ఆన్‌లైన్‌లో బోధించాను అని ఒక్క వాక్యంలో చెప్పండి, అంతకుమించి వివరణ అక్కరలేదు.

మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావనే లేదు. అడగకపోయినా చెబుతున్నాను: రక్తపరీక్ష రోజు బాబును తీసుకెళ్లే పని నెలకు ఒక్కసారైనా ఆయన చేయాలి, లేకపోతే మీ ప్రణాళిక ఏదీ మూడు నెలలకు మించి నిలబడదు.

ముందు ఒక్క విద్యార్థితో మొదలుపెట్టండి. వాయిదా పడిన క్లాసులను బాబు టిక్కు పెట్టే ఆ క్యాలెండర్‌లోనే గుర్తు పెట్టుకుని, రెండు నెలల లెక్క చూశాకే రెండో విద్యార్థిని ఒప్పుకోండి.