మావయ్య ఇచ్చిన పాత లాప్‌టాప్‌తో బీటెక్ చదవొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. నాన్న పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు. నేను ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈలో చేరాను. 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ లేకపోతే వెనకబడిపోతావని సీనియర్లు అంటున్నారు. షాపులో అడిగితే 65 వేలు చెప్పారు. అమ్మ గాజులు తాకట్టు పెడదామని నాన్న అంటున్నారు. విశాఖలో ఉండే మావయ్య, వాళ్ల ఆఫీసులో తీసేసిన డెల్ లాటిట్యూడ్ ఒకటి నాకు ఇచ్చారు. ఐ5 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి 6 నిమిషాలు పడుతోంది. క్రోమ్ తెరిస్తే బిగుసుకుపోతోంది. దీంతో చదివితే రేపు ఉద్యోగాల దగ్గర నష్టపోతానా? ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు గాజుల సంగతి తేల్చేద్దాం. అవి బీరువాలోనే ఉండాలి. నీ మొదటి రెండేళ్ల చదువుకి మావయ్య ఇచ్చిన మిషను సరిపోతుంది. ఇప్పుడున్న స్థితిలో కాదు, నేను చెప్పబోయే రెండు మార్పులు చేశాక. మూడో ఏడాదిలో ఇంకోటి అవసరం పడవచ్చు, పడకపోవచ్చు. అది నువ్వు ఎంచుకునే దారిని బట్టి ఉంటుంది. ఆ దారేమిటో తెలియకముందే 65 వేలు పెడితే, తెలిసేసరికి ఆ లాప్‌టాప్ కూడా పాతబడుతుంది. తాకట్టు వడ్డీ మాత్రం నాన్నగారి మీద నడుస్తూనే ఉంటుంది.

సీనియర్లు నీ మంచికే చెప్పి ఉంటారు. కానీ గ్రాఫిక్స్ కార్డు కావాల్సింది పెద్ద ఆటలకి, వీడియో ఎడిటింగ్‌కి, డీప్ లెర్నింగ్ మోడళ్లకి శిక్షణ ఇవ్వడానికి. మొదటి ఏడాది నువ్వు రాసేవి సీలో, పైథాన్‌లో యాభై, వంద లైన్ల ప్రోగ్రాములు. సీ భాష 1972 ప్రాంతంలో పుట్టింది. అప్పటి యంత్రాల మెమరీని కిలోబైట్లలో లెక్కపెట్టేవారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్ లాంటిది) రాయడం మొదలుపెట్టిన 386 కంప్యూటర్లో ఉన్నది 4 ఎంబీ ర్యామ్. నీ దగ్గరున్నది 4 జీబీ, దానికి వెయ్యి రెట్లు.

మరి ఇంత నెమ్మది ఎందుకు? నాన్నగారి ఫ్యాక్టరీని గుర్తు తెచ్చుకో. పప్పు ఏరే బల్ల ఒకటి ఉంటుంది, వెనక గోడౌన్ ఉంటుంది. బల్ల మీద ఉన్నంతవరకూ గుండ్లు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి చకచకా వెళ్తాయి. బల్ల చిన్నదైతే ప్రతి పది నిమిషాలకీ ఒకరు లేచి గోడౌన్‌కి వెళ్లి బస్తా తేవాలి, బల్ల మీదది లోపల పెట్టి రావాలి. చేతులు ఎంత చురుకైనా పని ఆ నడక దగ్గరే ఆగిపోతుంది. నీ లాప్‌టాప్‌లో బల్ల అంటే ర్యామ్, గోడౌన్ అంటే హార్డ్‌డిస్క్, చేతులు అంటే ప్రాసెసర్. విండోస్ 10 ఒక్కటే నీ 4 జీబీలో సగం దాకా ఆక్రమిస్తుంది. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే బల్ల నిండిపోతుంది. అక్కడినుంచి ప్రతిదానికీ హార్డ్‌డిస్క్ దగ్గరికి పరుగు. ఆ డిస్క్ చూస్తే తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు. లాప్‌టాప్‌లలో ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగేవే వేసేవారు. నీ మిషన్లో చేతులు బాగానే ఉన్నాయమ్మా, నడకే ఎక్కువైంది.

ఇంకో ఏడాది ఆగితే ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో 'థ్రాషింగ్' అనే మాట చదువుతావు. పని చేసే సమయం కన్నా పేజీలు, అంటే మెమరీ ముక్కలు, ర్యామ్‌కీ డిస్క్‌కీ మధ్య అటూ ఇటూ మార్చుకునే సమయం ఎక్కువైపోవడం. తోటివాళ్లు దాన్ని పుస్తకంలో చదువుతారు, నువ్వు ఇప్పటికే కళ్లతో చూశావు.

కాబట్టి కొనాల్సినవి రెండే. మొదటిది ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్‌డిస్క్ స్థానంలో పెట్టేది. 2.5 అంగుళాల సాటా రకం, 240 లేదా 256 జీబీ చాలు. ఎన్‌వీఎంఈ అని సన్నగా పట్టీలా ఉండేది ఇస్తామంటే వద్దను, దీనికి పనికిరాదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, ముల్లూ లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 500 ఎంబీ దాకా చదవగలదు, పాత డిస్క్ 100 చుట్టుపక్కల. అసలు తేడా అది కూడా కాదు. చెదురుమదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను వెతికి తేవడంలో ముల్లు తడబడుతుంది, ఎస్‌ఎస్‌డీ తడబడదు. ఆన్ అవడానికి పట్టే 6 నిమిషాలు అర నిమిషానికి దిగినా ఆశ్చర్యపోకు. రెండోది ఇంకో 4 జీబీ ర్యామ్. వెనక మూత విప్పితే రెండో స్లాటు ఖాళీగా ఉందో లేదో కనిపిస్తుంది. నాలుగో తరం లాప్‌టాప్‌కి డీడీఆర్3ఎల్ కావాలి, 1.35 వోల్టులది. చివర 'ఎల్' ఉందో లేదో చదివి మరీ తీసుకో. డీడీఆర్4 ఆ స్లాటులో పట్టనే పట్టదు. ర్యామ్ పాతదైనా పర్వాలేదు, ఎస్‌ఎస్‌డీ మాత్రం వారంటీ ఉన్న కొత్తదే కొను. ధరలు నెలకోలా మారుతున్నాయి కాబట్టి అంకె చెప్పను. శ్రీకాకుళంలో రెండు షాపులు, విశాఖలో మావయ్యగారి ద్వారా ఒకటి అడిగించు. రెండూ కలిపి ఆరు వేలు దాటుతుంటే ముందు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయించుకుని ర్యామ్ తర్వాత చూసుకో. ఆ క్రమం తిప్పకు.

డబ్బు పెట్టేముందు మాత్రం మిషన్‌ని ఒక పూట పరీక్షించు. కీబోర్డులో ప్రతి మీటా నొక్కి చూడు. బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే తీసేయి, అది ప్రమాదం. గడియారం ప్రతిసారీ పాత తేదీకి వెళ్తుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయిందని అర్థం. సాధారణంగా అది సీఆర్2032 రకం. లాప్‌టాప్‌లలో చాలావాటికి తీగ, కనెక్టరుతో ఉంటుంది కాబట్టి పాతదాన్ని చూపించి అలాంటిదే అడుగు. తేదీ తప్పుగా ఉన్నంతకాలం వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు, దాన్ని చూసి చాలామంది లాప్‌టాప్ పోయిందనుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 నొక్కి బయోస్ అనే, విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లగలుగుతున్నావా, పాస్‌వర్డ్ అడుగుతోందా చూడు. కొన్నేళ్ల కిందట మా అన్నయ్య కొడుక్కి ఇలాగే ఒక పాత ఆఫీసు లాప్‌టాప్ కొన్నాను. ఇంటికి తెచ్చాక చూస్తే బయోస్‌కి పాత కంపెనీ పెట్టిన తాళం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కానివ్వదు, అంటే ఆన్ కానివ్వదు, దేన్నీ మార్చనివ్వదు. అమ్మినాయన తనకి సంబంధం లేదన్నాడు. ఆ డబ్బు పోయింది, పిల్లాడు రెండు నెలలు ఖాళీగా కూర్చున్నాడు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. నీ విషయంలో తాళం ఉంటే మావయ్యగారు ఆఫీసులో అడిగి తీయించగలరు.

ఇక విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ లేదా ఆ తర్వాతది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, నీ దానికి ఆ అర్హత లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు, దొంగ యాక్టివేటర్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాటి జోలికి పోకు. ఆ యాక్టివేటర్లతో పాటు ఏమేం లోపలికి వస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు, నాన్నగారి బ్యాంకు పనులు కూడా రేపు నువ్వు అందులోనే చేస్తావు.

లినక్స్ మింట్ వేసుకో. దాంట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే రకం తేలికైనది. ఉచితం. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది కాబట్టి కాలేజీ వైఫైలో దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించు. డెల్‌లో ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే ఎక్కడినుంచి బూట్ అవ్వాలో అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది, అప్పుడే వైఫై, శబ్దం, కెమెరా పని చేస్తున్నాయో లేదో చూసుకో. ఎస్‌ఎస్‌డీ బిగించే పని షాపులో చేయించుకున్నా పక్కన నిలబడి చూడు. మా ఇంట్లో పాత లాప్‌టాప్‌కి నేనే బిగించాను, ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో అరగంట పని. బ్యాటరీ తీసి, చేతిని ఏదైనా ఇనుప వస్తువుకి ఒకసారి తాకించి మొదలుపెట్టాలి, అంతే. నువ్వు చెయ్యగలవు.

ఒక చోట చిక్కు పడతావు, ముందే చెబుతున్నాను. మన కాలేజీల్లో చాలాచోట్ల ఇంకా టర్బో సీ అనే పాత కంపైలర్ మీదే నేర్పుతారు. ల్యాబ్ రికార్డులో ప్రతి ప్రోగ్రాము పైన కోనియో డాట్ హెచ్ అనే హెడర్ ఉంటుంది, లోపల తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షన్, చివర గెట్‌చ్ ఉంటాయి. అవి పాత డాస్ కాలం సరుకు. లినక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేస్తే ఆ హెడర్ దగ్గరే తప్పు చూపిస్తుంది. ప్రోగ్రాము తప్పనుకుని కంగారు పడకు. ఆ మూడూ తీసేసి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాస్తే నడుస్తుంది. ల్యాబ్‌లో మాస్టారు అడిగినట్టు రాయి, ఇంటి దగ్గర ఇలా రాయి. రెండూ వస్తే నీకే మంచిది.

నేర్చుకోవడానికి ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ చూడు. లినక్స్, సీ, పైథాన్, లిబర్ఆఫీస్ మీద చిన్న చిన్న వీడియోలు ఉంటాయి, తెలుగులోనూ ఉన్నాయి. సగం తెరలో వీడియో, సగం తెరలో నీ పని పెట్టుకుని చెయ్యి. బరువైన పని వచ్చినప్పుడు దాన్ని నీ మిషన్ మీద మొయ్యకు. గూగుల్ కోల్యాబ్ తెరిస్తే పైథాన్ నడిచేది వాళ్ల సర్వర్ మీద, అవసరమైతే కొంత పరిమితిలో గ్రాఫిక్స్ ప్రాసెసర్ కూడా ఉచితంగా ఇస్తారు. నీ లాప్‌టాప్ కేవలం కిటికీ.

ఇది చెయ్యలేనివీ ఉన్నాయి, దాచడం నాకిష్టం లేదు. మొబైల్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం 8 జీబీ అడుగుతారు, నిజానికి 16 ఉంటేనే సాఫీగా ఉంటుంది. రెండు మూడు వర్చువల్ మిషన్లు, అంటే లాప్‌టాప్ లోపలే నడిచే నకలు కంప్యూటర్లు, ఒకేసారి నడపలేవు. ఉద్యోగాల కోసం కంపెనీలు పెట్టే ఆన్‌లైన్ పరీక్షల్లో కొన్నిటికి విండోస్ తప్పనిసరి, వాటికి కాలేజీ ల్యాబ్ అడుగు, సిగ్గుపడకు. మూడో ఏడాది మొబైల్ యాప్‌ల వైపు వెళ్తే అప్పుడు ఇంకో లాప్‌టాప్ కావాలి. అప్పుడైనా 65 వేలది అక్కర్లేదు. ఎనిమిదో తరం లేదా పై తరం ఆఫీసు లాప్‌టాప్, థింక్‌ప్యాడ్ టీ480 లాంటిది, 16 జీబీతో పాతది చూసుకోవచ్చు. ఒకవేళ మీరు బ్యాంకులో విద్యారుణం తీసుకుంటే, కోర్సుకి అవసరమైన కంప్యూటర్ ఖర్చు అందులో చేర్చుకునే వీలు ఉంటుంది, మేనేజర్‌ని అడగండి. అది తాకట్టు కన్నా మేలు.

ఉద్యోగం దగ్గర నష్టపోతానా అన్నావు. ఇంటర్వ్యూలో నీ లాప్‌టాప్ ఏదని ఎవరూ అడగరు, నువ్వు ఏం చేశావని అడుగుతారు. ప్రపంచంలోని 500 అతివేగ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ 2017 నవంబర్ నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. క్లౌడ్ సర్వర్లలో అత్యధికం కూడా అంతే. క్లౌడ్, నెట్‌వర్కింగ్, సైబర్ సెక్యూరిటీ, ఏ వైపు వెళ్లినా నల్ల తెర మీద కమాండ్లు రాయాల్సిందే. నీ తోటివాళ్లు అది మూడో ఏడాదిలో భయపడుతూ మొదలుపెడతారు, నీకు అప్పటికి రెండేళ్ల అలవాటు. ఇప్పటినుంచే ఒక నోటుబుక్ పెట్టు. మార్చకముందు ఆన్ అవడానికి ఎంత సేపు, మార్చాక ఎంత. ఫ్రీ అనే కమాండ్‌తో ర్యామ్ ఎంత ఖాళీ, సిస్టమ్‌డీ అనలైజ్‌తో బూట్‌లో ఏ పని ఎన్ని సెకన్లు తింటోంది, అంకెలతో సహా రాసుకో. 'నువ్వు పరిష్కరించిన ఒక సమస్య చెప్పు' అన్నప్పుడు చెప్పడానికి ఇంతకన్నా నిజాయితీ గల సమాధానం ఉండదు. తర్వాత మీ ఊరి బడిలో మూలపడ్డ కంప్యూటర్ ఉంటే హెడ్మాస్టారి అనుమతితో దాన్నీ లేపి చూడు.

మీది సముద్రం పక్క ఊరు కాబట్టి ఒక మాట. ఉప్పు గాలికి లోపలి కాంటాక్టులు తుప్పు పడతాయి. సెలవుల్లో ఇంటికి తెచ్చినప్పుడు కిటికీ పక్కన వదలకు, వాడకుండా నెలల తరబడి మూసి ఉంచకు. ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము తుడిపించు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులు లేదో నీకు గుర్తుండే ఉంటుంది. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి ఉంచు.

తీసేసిన 500 జీబీ హార్డ్‌డిస్క్‌ని పారెయ్యకు. యూఎస్‌బీ కేసు ఒకటి కొని అందులో పెడితే వీడియోలు దాచుకోవడానికి పనికొస్తుంది. దాన్ని ఫార్మాట్ చేసేముందు మావయ్యగారికి ఫోన్ చెయ్యి. ఆఫీసు ఫైళ్లుంటే చెరిపేయాలి, ఇంటి ఫొటోలేమైనా ఉండిపోతే ఆయనకి కాపీ చేసి ఇవ్వాలి.