కొట్టివేతలు లేని రెండు నిమిషాలు

తమ్ముడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివా. నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే మీ క్లబ్ మీటింగ్‌లో ఉన్నట్టుండి నిన్ను లేపి, అప్పటికప్పుడు మాట్లాడమని టాపిక్ ఇచ్చారని, నోట మాట రాలేదని, ఇంక రచయితనని చెప్పుకోడానికే సిగ్గేసిందని రాశావు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నాకూ మొదటిసారి అచ్చం ఇదే జరిగింది, 'వాన' గురించి మాట్లాడమన్నారు, అప్పటికే వాన మీద మూడు కథలు రాసినోణ్ణి, అయినా నలభై సెకన్లకే కూర్చున్నా, అందులో సగం "అంటే... ఏంటంటే..."లే.

అసలు రాసేవాళ్ళకే ఇది ఎక్కువ కష్టమని నా అనుమానం. మనకి కొట్టేసి రాసే అలవాటు కదా, వాక్యం బయటికి రాకముందే లోపల నాలుగుసార్లు దిద్దుతూ ఉంటాం, ఈలోపు జనం మన మొహం చూస్తూ కూర్చుంటారు. అచ్చులో కొట్టివేతలు ఎవరికీ కనపడవు. అక్కడ నిలబడి "సారీ, మళ్ళీ చెప్తా" అన్నావంటే మాత్రం ఎర్ర ఇంకు గీతలా హాలంతా కనపడుద్ది. వాక్యం వంకరగా మొదలైతే వంకరగానే పూర్తి చేసెయ్, వెనక్కెళ్ళకు. నేను నేర్చుకున్న అసలు సంగతి ఇదొక్కటే.

మీది టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బే కాబట్టి టేబుల్ టాపిక్స్, అదే అప్పటికప్పుడు ఇచ్చిన టాపిక్ మీద మాట్లాడే ఆ రౌండ్ లెక్క నీకు తెలిసే ఉంటది, నిమిషానికి పచ్చ లైటు, నిమిషంన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు. చేత్తో రాస్తే ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. అందులో వాన మొత్తం పట్టదు బాబూ! రుతుపవనాలు, రైతులు, కాగితప్పడవలు అన్నీ కలిపి చెప్పబోయే నేను మునిగిపోయా. ఒకరోజు తడిసిన పుస్తకాల సంచీ గురించి చెప్పినా సరిపోయేది, ఏ పుస్తకం రంగు దేనికి అంటుకుందో అది చెప్పినా చాలు. కథలో నువ్వు చేసేదీ అదేగా.

"ఫోన్ మంచిదా చెడ్డదా" లాంటి ప్రశ్నలొస్తే వెంటనే ఏదో ఒక పక్కకి దూకెయ్, ఒక కారణం, ఒక జరిగిన సంగతి, అంతే. రెండు వైపులా సమానంగా మాట్లాడదామనుకుంటే పసుపు లైటు వచ్చేసరికి నువ్వింకా మొదటి వైపే ఉంటావ్. టాపిక్ అస్సలు తెలీకపోతే కాస్త వంచుకోవచ్చు, కానీ ఎలా వంచుతున్నావో మొదటి వాక్యంలోనే చెప్పెయ్, లేకపోతే ఆవు వ్యాసం అయిపోద్ది, ఏ ప్రశ్నడిగినా ఆవుని తీసుకొచ్చి కట్టేసినట్టు.

పేరు పిలిచాక కుర్చీలోంచి ముందుకు నడిచే ఆ పది అడుగుల్లో అందరూ మొదటి వాక్యం వెతుక్కుంటారు. నువ్వు చివరిది వెతుక్కో. ఎక్కడ ఆగాలో తెలిస్తే మధ్యలో ఎంత తడబడినా దారి దొరుకుద్ది, పసుపు లైటు కనపడగానే అటు తిరిగితే సరి. టాపిక్‌ని గట్టిగా రిపీట్ చేసి టైం కొనుక్కోమని చాలామంది చెప్తారు, నాకు నచ్చదు, దాని బదులు రెండు ఊపిర్లు మాట్లాడకుండా నిలబడు. ఆ సైలెన్స్ నీకు యుగంలా ఉంటది గానీ వినేవాళ్ళకి అదేం తెలీదు.

ఆ-కౌంటర్‌కి, అదే మాట మధ్యలో "ఆ..." లాంటి సాగదీతలు లెక్కపెట్టే ఆయనకి, భయపడ్డానన్నావ్. పాపం ఆయన పనే లెక్కపెట్టడం. మన తెలుగోళ్ళ "మరి", "అంటే", "సో", "బేసిక్‌గా", "యాక్చువల్లీ" అన్నీ అందులో పడతాయి, పడనీ. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏలో రాల్ఫ్ స్మెడ్లీ మొదటి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ మొదలుపెట్టింది మామూలు మనుషులకి నలుగురిలో మాట్లాడటం అలవాటు చెయ్యడానికే, మహావక్తలకి మార్కులెయ్యడానికి కాదు.

ఇంట్లో ప్రాక్టీస్ కావాలంటే చీటీల మీద ఏవో పదాలు రాసి డబ్బాలో వెయ్, రోజుకొకటి తీసి నిలబడి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చెయ్. విను, అంతేగానీ దాన్ని కాగితం మీద పెట్టి దిద్దడం మొదలెట్టకు, నీ సంగతి నాకు తెలుసు. వచ్చే మీటింగ్‌లో ఎవరూ పిలవకముందే నువ్వే చెయ్యెత్తు, ఏం టాపిక్ వచ్చిందో రాయి.

అన్నట్టు ఆ కథ డ్రాఫ్ట్ ఇంకా పంపలేదు నువ్వు. దాన్ని మాత్రం కొట్టివేతలతో సహా పంపు, చూడాలి.

మీ అన్నయ్య